సూపర్‌విజన్‌కి బాగా వచ్చిన పది నిమిషాలే తీసుకెళ్తున్నాను. పాడుచేసిన ఆ నలభై సెకన్లు ఎలా వినిపించాలి?

పాత_పద్దులు

పెద్ద పోస్టే, ముందే చెప్పేస్తున్నాను.

కౌన్సెలింగ్ కోర్సు రెండో ఏడాదిలో ఉన్నాను. ప్రాక్టికమ్ (నిజమైన క్లయింట్లతో చేసే శిక్షణ) మొదలై నాలుగు నెలలైంది. ఇంతకుముందు తొమ్మిదేళ్లు అకౌంట్స్‌లో పనిచేశాను. పద్దు కలవకపోతే రాత్రి ఎంతయినా సరే, కలిపేదాకా లేవని రకం నేను. అక్కడ అందరూ మెచ్చుకునేవాళ్లు. ఇక్కడ అదే అలవాటు మెడకు చుట్టుకుంది.

మా దగ్గర పద్ధతి ఏంటంటే, వారానికోసారి మా పనిని చూసి దిద్దే సూపర్‌వైజర్‌తో ఒక గంట, దాన్నే సూపర్‌విజన్ అంటాం. క్లయింట్ అనుమతితో రికార్డు చేసిన సెషన్‌లోంచి పది నిమిషాల ముక్క ఎంచుకుని, ఎవరు ఏం అన్నారో అక్షరం పొల్లుపోకుండా రాసి తీసుకెళ్లాలి. ఏ ముక్క అన్నది మన ఇష్టం. చిక్కంతా ఆ "మన ఇష్టం" దగ్గరే వచ్చింది.

ఆ పది నిమిషాలు రాయడానికి నాకు అయిదు గంటలు పడుతోంది. ముందు సెషన్ మొత్తం వింటాను. నేను బాగా మాట్లాడినట్టు అనిపించిన చోట్ల టైము రాసుకుంటాను. తర్వాత వాటిలో "ఊఁ"లు ఎక్కడ తక్కువున్నాయో చూస్తాను. నవ్వకండి, నిజంగానే లెక్కపెట్టాను. ఒక ముక్కలో ముప్పై నాలుగు వచ్చాయి, దాన్ని పక్కన పడేశాను. ఎంచుకున్నదాన్ని మూడు రంగుల పెన్నులతో గుర్తులు పెట్టి తీసుకెళ్తాను. రిఫ్లెక్షన్‌కి (క్లయింట్ చెప్పినదాన్ని మన మాటల్లో తిరిగి వాళ్లకే చెప్పడం) ఒక రంగు, ఓపెన్ ప్రశ్నకి (అవును, కాదు అని తేలిపోనిది) ఒకటి, సారాంశం చెప్పినచోట ఇంకొకటి. "ఎంత శ్రద్ధగా చేశారండీ" అంటారు మా సూపర్‌వైజర్. ఆ మాట సాయంత్రం దాకా పనిచేస్తుంది. మర్నాడు పొద్దున లేచేసరికి వచ్చే వారం టెన్షన్ మొదలు.

ఇక అసలు సంగతి. (క్లయింట్ ఎవరో తెలియకుండా వివరాలన్నీ మార్చాను.) ఏడో సెషన్, ఇరవై రెండో నిమిషం. ఆవిడ వేరే ఏదో చెప్తూ చెప్తూ, "అమ్మ పోయేటప్పుడు నేను పక్కన లేను" అన్నారు. గొంతు మారింది. నేను ఒక్క క్షణం నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకోలేదు. "అయ్యో, అందులో మీ తప్పేముందండీ" అనేశాను. అది కూడా ఆవిడ వాక్యం చివరి మాట మీద పడిపోయి. ఆవిడ "సరేలెండి" అన్నారు. అని, ఆఫీసులో సెలవు ఇవ్వట్లేదన్న గొడవ ఎత్తుకున్నారు. నేనూ ఆ సెలవు వెంట పడి వెళ్లిపోయాను. ఎంత సంబరంగా వెళ్లానో రికార్డింగ్‌లో వినిపిస్తుంది, నా గొంతు ఒక్కసారిగా తేలికైపోయింది.

మొత్తం నలభై సెకన్లు. ఇప్పటికి పదకొండుసార్లు విన్నాను. మూడు వారాలైంది, సూపర్‌విజన్‌లో దాని ఊసే ఎత్తలేదు. "ఆ క్లయింట్‌తో ఎలా నడుస్తోంది?" అని అడిగితే "బాగానే నడుస్తోంది మేడమ్" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

మా సూపర్‌వైజర్ చెడ్డావిడేం కాదు. నాకంటే నాలుగేళ్లు చిన్న. నేను మేడమ్ అంటాను, ఆవిడ నన్ను మీరు అంటారు. ఎప్పుడైనా ఏదైనా దిద్దితే "సరే మేడమ్" అని నోట్‌బుక్‌లో రాసేసుకుంటాను. ఒకసారి "ఇక్కడ మీరు క్లయింట్ మాట వినట్లేదు, మీరు అడగబోయే ప్రశ్నని వింటున్నారు" అన్నారు. ఆ వాక్యం ఇప్పటికీ అలాగే చెవుల్లో ఉంది. దాని తర్వాత ఆవిడ పావుగంట ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు.

సెమిస్టర్ చివర మూల్యాంకనం ఫారం నింపేది కూడా ఆవిడే. ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు.

ఆ ముక్క వినిపించాలా? వినిపిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? మూడు వారాలు ఎందుకు దాచావంటే ఏం చెప్పను?

ఊకొట్టు

ముప్పై నాలుగేనా అండీ? నాది పదిహేను నిమిషాల్లో యాభై రెండు. ఒకచోట క్లయింట్ తుమ్మితే దానికీ ఊఁ కొట్టాను.

సీరియస్‌గా ఒక్క మాట. మీరు చెప్పిన దాంట్లో క్లయింట్ ప్రాణానికి ముప్పు, తనకు తాను హాని చేసుకునే ఆలోచన, ఇంకెవరికైనా ప్రమాదం, ఇలాంటిదేం లేదు కదా? ఉంటే ఈ చర్చే అక్కర్లేదు, ఇవాళే ఫోన్ చేసి చెప్పాలి, సిగ్గూ మార్కులూ తర్వాత. లేదనుకునే మాట్లాడుతున్నాను.

నేను చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. మొదటి ఏడాదంతా నేను చేసిందీ మీరు చేస్తున్నదే. ఒక్కటే తేడా, మీరు కష్టపడి దాస్తున్నారు, నేను బద్ధకంగా దాచేవాణ్ని. "రికార్డర్ ఆన్ చేయడం మర్చిపోయాను సార్" అని మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆయన ఏమీ అనకుండా ఒక పెన్సిల్ సెల్ ప్యాకెట్ బల్ల మీద పెట్టారు.

వినిపించండి. ఎలా అన్నది పెద్దవాళ్లు చెప్తారు.

పాత_పద్దులు

ప్రమాదం లాంటిదేం లేదండీ, ఆ తర్వాతి సెషన్లకీ వస్తున్నారు. అడిగినందుకు థాంక్స్. పెన్సిల్ సెల్స్ సంగతికి చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను.

మూడోగది

పద్నాలుగేళ్లుగా ట్రైనీలకు సూపర్‌విజన్ చేస్తున్నాను. మీ పోస్టు రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను.

మీ క్లయింట్ మీతో "సరేలెండి" అన్నారు. మీరు మీ సూపర్‌వైజర్‌తో "సరే మేడమ్" అంటున్నారు.

మనం "సరే" అంటే ఒప్పుకున్నట్టు. "సరేలెండి" అంటే ఇక ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దామని. మీ క్లయింట్ తలుపు మర్యాదగా వేశారు, చప్పుడు కాకుండా. మీరు నోట్‌బుక్‌లో రాసుకుంటూ వేస్తున్నారు కాబట్టి మీ సూపర్‌వైజర్‌కి అది శ్రద్ధలా కనిపిస్తోంది. కౌన్సెలింగ్ గదిలో జరిగేది సూపర్‌విజన్ గదిలో మళ్లీ జరగడం గురించి హెరాల్డ్ సెర్ల్స్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1955లోనే రాశారు. తర్వాత దానికి సమాంతర ప్రక్రియ అని పేరు స్థిరపడింది. మీరు కోర్సులో చదివే ఉంటారు. చదివినదాన్ని మన మీద పెట్టుకుని చూడటం మాత్రం కష్టం. అయితే ఒక మనవి, ఈ సంగతిని నాలుగో రంగు పెన్నుతో గుర్తుపెట్టి మీ మేడమ్ ముందు పెట్టకండి. అదీ ఇంకో మంచి హోంవర్క్ అయిపోతుంది.

మూడు వారాలు దాచానని సిగ్గుపడుతున్నారు కదా. 1996లో నికొలస్ లాడనీ, క్లారా హిల్, ఇంకో ఇద్దరు పరిశోధకులు కలిసి 108 మంది ట్రైనీలను ఇదే అడిగారు, సూపర్‌వైజర్‌కి చెప్పకుండా దాచినవి ఏమైనా ఉన్నాయా అని. 97.2 శాతం మంది ఏదో ఒకటి దాచారు. దాచిన వాటిలో క్లయింట్‌తో చేసిన పొరపాట్లున్నాయి, సూపర్‌వైజర్ మీద లోపల ఉన్న చిరాకులూ ఉన్నాయి. ఇంకా ఏం తేలిందంటే, సూపర్‌వైజర్‌కి చెప్పని వాటిలో చాలావాటిని వాళ్లు ఇంకెవరికో, ఎక్కువగా తోటి ట్రైనీకో ఇదే రంగంలో ఉన్న స్నేహితులకో చెప్పుకున్నారు. ఇప్పుడు మీరు మాకు చెప్పుకున్నట్టే. కాబట్టి మీరు చెప్పలేని మనిషి కాదు. చెప్పాల్సిన గది మారింది, అంతే.

ఇక మా వైపు సంగతి కూడా చెప్పాలి. రంగు పెన్నుల ట్రాన్స్‌క్రిప్ట్ తెచ్చే ట్రైనీ వస్తే సూపర్‌వైజర్‌కి ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ గంట సాఫీగా గడిచిపోతుంది. కొన్నేళ్ల క్రితం నా దగ్గర అలాంటి ఒకామె ఉండేది. మధ్యంతర ఫారంలో "అద్భుతం" అని రాశాను. తర్వాత తెలిసింది, అప్పటికి అయిదు వారాలుగా ఒక క్లయింట్ రావడం మానేశారు, ఆమె నాకు చెప్పలేదు. పాత రికార్డింగుల్లోంచే ముక్కలు తెచ్చి వినిపిస్తోంది. నాకు కోపం వచ్చింది. ఇంటికెళ్లాక ఆలోచిస్తే, నేను ప్రతివారం అడిగింది "ఎలా నడుస్తోంది?" అని. ఆ ప్రశ్నకి "బాగుంది" తప్ప వేరే జవాబు ఎవరిస్తారు? అప్పట్నుంచి "ఈ వారం ఎక్కడ ఇరుక్కున్నారు?" అని అడుగుతున్నాను. కొత్త బ్యాచ్ వస్తే మొదటి రోజే నా పాత రికార్డింగ్ ఒకటి వినిపిస్తాను. అందులో నేను క్లయింట్‌ని వేరే క్లయింట్ పేరుతో పిలుస్తాను, ఒకసారి కాదు, రెండుసార్లు. ఇన్నేళ్లయినా అది ప్లే చేసేటప్పుడు నా చెవులు వేడెక్కుతాయి. ట్రైనీలు నా టేపు కంటే నా మొహమే ఎక్కువ చూస్తారనుకుంటా.

మీ మేడమ్ అలా అడగట్లేదు కాబట్టి మీరే మొదలుపెట్టాలి. నేనైతే ఇలా చేయమంటాను.

గంట మొదట్లోనే చెప్పండి. చివరి అయిదు నిమిషాల్లో, లేచి బ్యాగు సర్దుకుంటూ మాత్రం వద్దు. క్లయింట్లు అసలు మాటని గుమ్మం దగ్గర చెప్తారని పాఠం చదువుకుంటాం కదా, ట్రైనీలు అచ్చం అలాగే చేస్తారు.

ట్రాన్స్‌క్రిప్ట్ రాయకండి. ఇరవై ఒకటో నిమిషం నుంచి ఇరవై నాలుగు దాకా ఆడియో చాలు. అక్షరాల్లో పెడితే దాన్ని మీరు దిద్దుతారు, మీరు ఆగలేరు.

రిమోట్ మీ చేతిలో పెట్టుకోండి. 1960లలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో నార్మన్ కేగన్ తయారుచేసిన పద్ధతి ఒకటుంది, ఇంటర్‌పర్సనల్ ప్రాసెస్ రీకాల్ అంటారు. రికార్డింగ్ నడుస్తుంటే ఎక్కడ ఆపాలో ట్రైనీయే నిర్ణయిస్తారు. ఆపిన చోట పక్కనున్నవాళ్లు తప్పొప్పులు చెప్పరు, "ఆ క్షణంలో మీ లోపల ఏం జరిగింది? అప్పుడు చెప్పాలనుకుని చెప్పనిదేమైనా ఉందా?" అని మాత్రం అడుగుతారు. "ఈ ముక్కకి ఆ పద్ధతిలో చేద్దామా మేడమ్" అని అడగండి. అడిగితే కాదనే సూపర్‌వైజర్లు తక్కువ. పైగా మీకు కావలసింది మీరు నోరు తెరిచి అడగడం ఇదే మొదటిసారి అవుతుందేమో.

ఇక "ఎందుకు దాచావు" అని అడిగితే, "భయమేసింది" అనండి. దానికి వివరణ అక్కర్లేదు.

అర్ధవిరామం

మూడోగది గారు చెప్పినవన్నీ బాగున్నాయి. నేను దీనికి అవతలి గట్టు మీద మనిషిని, కాబట్టి ఒక హెచ్చరిక.

నేను ఏదీ దాచేదాన్ని కాదు. కుర్చీలో కూర్చోగానే, మా సూపర్‌వైజర్ నోరు తెరవకముందే, నా తప్పులన్నీ నేనే చదివేసేదాన్ని. "మూడో నిమిషంలో తొందరపడ్డాను, ఎనిమిదో నిమిషంలో సలహా ఇచ్చాను, పన్నెండులో క్లయింట్ ఏడుస్తుంటే టిష్యూ డబ్బా ముందుకు జరిపి ఏడుపు ఆపేశాను..." కాగితం మీద నంబర్లేసి మరీ. ఒకసారి పదిహేడు వచ్చాయి. నేనెంత నిజాయితీపరురాలినో అనుకునేదాన్ని.

రెండు నెలల తర్వాత ఆయన అన్నారు, "మీరు చెప్పిన పదిహేడింటిలో నేను చెప్పాలనుకున్నది లేదు. కానీ చెప్పడానికి నాకు చోటేదీ? గంటలో నలభై నిమిషాలు మిమ్మల్ని ఓదార్చడానికే సరిపోతోంది."

కొట్టబోయేవాడి చేతిలోంచి కర్ర లాక్కుని మనల్ని మనమే కొట్టుకోవడం అన్నమాట. అదీ దాచడమే. చూడ్డానికి ఒప్పుకోలులా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టుకోరు. మీరు ఆ నలభై సెకన్లు వినిపించే రోజున, దాంతోపాటు ముప్పై నాలుగు ఊఁల పద్దు, అయిదు గంటల కథ, పదకొండుసార్లు విన్న సంగతి అన్నీ కుమ్మరించాలనిపిస్తుంది. వద్దు. నలభై సెకన్లు ప్లే చేసి ఊరుకోండి. ఊరుకోవడం మీకు ఎంత కష్టమో ఏడో సెషన్‌లోనే తెలిసింది కదా. (నొప్పించి ఉంటే క్షమించండి, నాకూ అంతే కష్టం.)

ఇంకోటి. మీ రంగు పెన్నుల్ని మీరే వెక్కిరించుకుంటున్నారు, అది నాకు నచ్చలేదు. మా క్లాసులో ఒకసారి ఫ్రాస్ట్ అనే మనస్తత్వవేత్త, ఆయన తోటివాళ్లు 1990లో చేసిన పర్‌ఫెక్షనిజం ప్రశ్నావళి నింపించారు. అందులో మనకు మనం పెట్టుకునే ప్రమాణాలు ఒక భాగం, తప్పు చేస్తానేమో అన్న బెంగ ఇంకో భాగం, చేసినదాని మీద అనుమానం మరో భాగం, అన్నీ విడివిడిగా కొలుస్తారు. నాకు ప్రమాణాల్లో మామూలు మార్కులే వచ్చాయి. బెంగలో మాత్రం ఆకాశానికి వెళ్లాను. అప్పటిదాకా రెండూ ఒకటే అనుకునేదాన్ని. బాగా చేయాలనుకోవడం వేరు, తప్పు దొరికితే మనిషిగా కొట్టుకుపోతాననుకోవడం వేరు. మొదటిది వదులుకోనక్కర్లేదు. అకౌంట్స్‌లో తొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి కేస్ నోట్స్ ఎంత బాగా రాస్తుందో నేను ఊహించగలను.

నిక్కచ్చి

అందరూ ఆవిడ మనసులోకే తొంగిచూస్తున్నారు. ఫారం సంగతి ఎవరూ ఎత్తరేం?

ఒకే మనిషి ముందు మనసు విప్పాలి. అదే మనిషి మార్కులేస్తుంది. ఇక్కడ భయపడటం జబ్బా? నాకైతే లోకజ్ఞానం అనిపిస్తుంది. ఈ ఇరకాటం పుస్తకాల్లోనూ ఉంది. ట్రైనీగా అన్నీ ఒప్పుకోవాలి, ఉద్యోగానికి తగినవాడిగా నిరూపించుకోవాలి, రెండూ ఒకే గంటలో. ఓల్క్, ఫ్రీడ్‌లాండర్ అనే ఇద్దరు 1992లో దీన్ని కొలవడానికి ప్రత్యేకంగా ఒక ప్రశ్నావళే తయారుచేశారు.

నా సంగతి చెప్తాను, ఎక్కడ, ఎవరు అన్నది వద్దు. మూడో వారంలోనే ఇలాంటి ముక్క ఒకటి నమ్మి వినిపించాను. అప్పుడు "ధైర్యంగా చూపించావు, బాగుంది" అన్నారు. సెమిస్టర్ చివర ఫారంలో "ఆత్మవిశ్వాసం లేదు, భావోద్వేగాలను తట్టుకోలేడు" అని వచ్చింది. ఉదాహరణగా ఆ ముక్కే. అప్పటికి మూడు నెలలు గడిచాయి, ఆ తర్వాత తెచ్చిన ఏ రికార్డింగ్ ప్రస్తావనా లేదు. ఆ తర్వాతి ఏడాదంతా నేను బాగున్న ముక్కలే తీసుకెళ్లాను. మంచి మార్కులొచ్చాయి. ఏం నేర్చుకున్నానంటే, పెద్దగా ఏం లేదు.

అందుకని వినిపించొద్దు అనట్లేదు. ముందు ఒక ప్రశ్న అడగండి అంటున్నాను. "మేడమ్, ఇక్కడ నేను తెచ్చే కష్టమైన ముక్కలు ఫారంలోకి ఎలా వెళ్తాయి? ఫారంలో దేన్ని చూస్తారు?" మామూలు గొంతుతో, ఫిర్యాదులా కాకుండా. సూపర్‌విజన్ మొదట్లో ఒప్పంద పత్రం ఒకటి సంతకం చేసి ఉంటారు, అది తీసి చదవండి. ఇక్కడ మాట్లాడేది ఎవరి దాకా వెళ్తుంది, దేనికి గోప్యత ఉంది, దేనికి లేదు అన్నది అందులో ఉండాలి. లేకపోతే అదే అడగడానికి మంచి సాకు. వారం వారం నేర్చుకోవడానికి ఇచ్చే ఫీడ్‌బ్యాక్ వేరు, చివర్లో పాసా ఫెయిలా అని తేల్చేది వేరు. రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో ఆవిడ నోటితో చెప్పించండి. గీత గీయలేని మనిషైతే అదీ మీకు తెలియాల్సిన విషయమే.

ఇంకో మాట. ఆవిడ మీకంటే నాలుగేళ్లు చిన్న అన్నారు. కొత్త సూపర్‌వైజర్ అయ్యుండొచ్చు. ఆవిడ మీద కూడా ఎవరో ఉంటారు. "శ్రద్ధగా చేశారండీ" దగ్గరే ఆగిపోవడం భయం వల్ల కూడా కావచ్చు. వయసులో పెద్దవాళ్లని దిద్దాలంటే ఎవరికైనా నోరు పెగలదు.

మూడోగది

నిక్కచ్చి గారూ, మీరు చెప్పింది నిజం. నేను అది పూర్తిగా వదిలేశాను. ఫారం నింపే వైపు కూర్చుంటే ఫారం కనపడదు. పైన నేను రాసిన వరసలో మీ ప్రశ్న మొదటికి రావాలి.

ట్రైనీ, సూపర్‌వైజర్ల మధ్య కలిసి పనిచేసే బంధం గురించి ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త 1983లో రాసినప్పుడు మూడింటిని పట్టుకున్నారు. ఏం సాధించాలన్న దాని మీద ఇద్దరికీ ఒప్పుదల, అందుకు ఎవరేం చేయాలన్న దాని మీద ఒప్పుదల, ఇద్దరి మధ్య నమ్మకం. మనందరం మూడోదాని చుట్టూ తిరుగుతున్నాం. మొదటి రెండూ మాట్లాడుకోకుండా మూడోది ఎక్కణ్నుంచి వస్తుంది?

మీకు జరిగినదానికి బాధగా ఉంది. ఆ ఫారం రాసింది నేను కాదు, కానీ అలాంటి వాక్యం నేనెప్పుడూ రాయలేదని ప్రమాణం చేయలేను.

ఊకొట్టు

నేనిప్పుడే నా ఒప్పంద పత్రం వెతికి చదివాను. సంతకం నాదే. చదవడం మాత్రం ఇవాళే.

పాత_పద్దులు

అందరికీ నమస్కారం. రెండున్నర వారాలైంది. ఏమైందో చెప్తున్నాను, పెద్ద విజయగాథ ఏమీ కాదు.

మొదటి వారం వెనక్కి తగ్గాను. మళ్లీ మంచి ముక్కే తీసుకెళ్లాను, రంగులతో సహా. రెండో వారం వెళ్లగానే ఫారం ప్రశ్న అడిగాను. నిక్కచ్చి గారు, మామూలు గొంతుతో అడగమన్నారు గానీ నా గొంతు చాలా సన్నగా వచ్చింది. మేడమ్ కాసేపు ఆలోచించారు. "ఎవరూ ఇలా అడగలేదండీ" అని ఫారం తీసి ఇద్దరి మధ్య పెట్టారు. అందులో "ఫీడ్‌బ్యాక్‌ని ఉపయోగించుకోగలగడం" అని ఒక వరస ఉంది. "మీకు ఇక్కడ ఎంత వేయాలో నాకు తెలియట్లేదు. మీకు ఫీడ్‌బ్యాక్ ఇవ్వాల్సిన అవసరం మీరు ఎప్పుడూ రానివ్వలేదు కదా" అన్నారు. తొమ్మిదేళ్లు పద్దులు రాసినదాన్ని, ఆ గడి ఖాళీగా ఉందని నాకు తట్టనేలేదు.

అప్పుడు వినిపించాను. ట్రాన్స్‌క్రిప్ట్ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేనే ఆపుతానని ముందే చెప్పాను గానీ, సరిగ్గా నా మాట వచ్చేచోట వేలు కదల్లేదు, "సరేలెండి" దాటి సెలవు గొడవలోకి వెళ్లిపోయింది. అక్కడ ఆపాను. మేడమ్ ఏమీ అనలేదు. ఆ తర్వాత అన్న మొదటి మాట మాత్రం, "ఇది ఎప్పుడో తేవాల్సింది." నొచ్చుకున్నట్టే అన్నారు. నేను వెంటనే "సరే మేడమ్" అన్నాను.

అన్నాక వినిపించింది, నా మాట నాకే.

"కాదు మేడమ్, సరే కాదు. భయమేసింది" అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టారు. "నాక్కూడా మిమ్మల్ని దిద్దాలంటే కాస్త భయమేనండీ, మీరు అంత బాగా రాసుకొస్తారు" అన్నారు. ఇద్దరం అదోలా నవ్వాం. తర్వాత ఆవిడ అడిగినవి రెండే ప్రశ్నలు. ఆ క్షణంలో నేను ఎవరిని ఓదార్చాలనుకున్నాను? నిశ్శబ్దం ఇంకో మూడు సెకన్లు ఉంటే ఏమవుతుందనుకున్నాను? మొదటిదానికి జవాబు నా ఇంటి విషయం, ఇక్కడ రాయను. నా సొంత కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లమని మేడమ్ కూడా అన్నారు. రెండోదానికి ఇప్పటికీ తెలియదు.

ఇక క్లయింట్. ఆ మాట మళ్లీ ఎత్తాలా వద్దా అని మేడమ్‌తో చాలాసేపు మాట్లాడాను. ఎత్తాలనే అనుకున్నాం. "ఒకరోజు మీరు అమ్మగారి గురించి ఏదో చెప్తుంటే నేను తొందరపడి అడ్డం వచ్చాననిపించింది" అన్నాను. ఆవిడ నా వైపు చూసి, "ఎప్పుడండీ? నాకు గుర్తులేదే" అన్నారు.

గుర్తులేదు! నేను అన్ని రాత్రులు నిద్రపోలేదు. పదకొండుసార్లు విన్నాను. ఆవిడకి గుర్తే లేదు. లేదా అది ఇంకో "సరేలెండి"నా? నాకు తెలియదు. ఈసారి మాత్రం వెంటనే ఏమీ అనలేదు. లోపల అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, అలవాటు ఎక్కడికి పోతుంది. తొమ్మిది దాకా వెళ్లాక ఆవిడ వాచీ సరిచేసుకుని, వాళ్ల చెల్లెలి గురించి చెప్పడం మొదలుపెట్టారు. అమ్మ పోయిన రోజు పక్కన ఉన్నది ఆ చెల్లెలేనట.

రేపటి సూపర్‌విజన్‌కి ఆ ముక్కే తీసుకెళ్తున్నాను. నాలుగు లైన్లే రాశాను, ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో ఆరు ఊఁలు ఉన్నాయి, అలాగే ఉంచాను. పెన్ను ఒక్క రంగే.

అర్ధవిరామం

ఏ రంగు?

పాత_పద్దులు

ఎరుపు. మిగతా రెండూ అయిపోయాయండీ.